గ్రీకు, రోమన్ విషాద నాటకాల్లో హమార్తియా: పరిశోధన మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి

"ఈడిపస్ పతనానికి కారణం ఏ లోపం?" ఎంఏ ఇంగ్లిష్ చదివేవాళ్లు, నెట్, సెట్ పరీక్షలకు తయారయ్యేవాళ్లు, సెమినార్ పేపర్ రాయాల్సినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఈడిపస్ తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడిన రాజు, సోఫోక్లీస్ గ్రీకు నాటకంలో నాయకుడు. అలాంటి నాయకుణ్ణి పడదోసే తప్పుకు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ వాడిన మాట హమార్తియా. గైడ్లలో జవాబు రెడీగా ఉంటుంది: అహంకారం. ఆ జవాబు చేతిలో పట్టుకుని నాటకం తెరిస్తే పరిశోధన చేయడానికి ఇంకేమీ మిగలదు. అహంకారం కనిపించిన చోటల్లా గీత గీసుకుంటూ పోవడమే అవుతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతికి ఆధారం ఒక్కటే. "ఇతని లోపం ఏమిటి?" అని అడగొద్దు. "ఈ పనిని తప్పు అన్నది ఎవరు? ఎప్పుడు? ఆ పని చేసేనాటికి చేసినవాడికి ఏం తెలుసు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు ఒక విశేషణం దొరుకుతుంది. రెండో ప్రశ్నకు సాక్ష్యం దొరుకుతుంది.

## 1. ప్రశ్నను చిన్నది చేసుకోండి

"గ్రీకు విషాద నాటకాల్లో విషాద దోషం" అనేది పేపర్‌కు సరిపోయే విషయం కాదు. ఎస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్ పేర్ల మీద మనకు పూర్తిగా మిగిలినవి ముప్పైకి పైగా నాటకాలు. వాటన్నింటికీ ఒకే సూత్రం అతికించాలనుకుంటే ఏ ఒక్కదానికీ సరిగ్గా అతకదు.

ఒక నాటకం, ఒక పాత్ర, ఒక పని తీసుకోండి. సోఫోక్లీస్ యాంటిగొనీ నాటకంలో రాజు క్రియాన్ ఉన్నాడు కదా, "క్రియాన్ స్వభావం" వద్దు. "పాలినైసీస్ శవాన్ని పూడ్చకూడదన్న క్రియాన్ ఆజ్ఞ" తీసుకోండి. పనిని పట్టుకుంటే స్వభావం దాని వెనకే వస్తుంది. స్వభావంతో మొదలుపెడితే మాత్రం పని చేతికి దొరకదు.

పీహెచ్‌డీ స్థాయి అయితే రెండు నాటకాలను పక్కపక్కన పెట్టండి. ఒకే కథ మీద గ్రీకు నాటకం, రోమన్ రచయిత సెనెకా నాటకం రెండూ మిగిలిన జతలు ఉన్నాయి: ఈడిపస్, మెడియా, హిప్పోలిటస్ కథ (సెనెకాలో ఫీడ్రా), హెరాక్లీస్ ఉన్మాదం, అగమెమ్నాన్. పోలికకు ఇవి బాగా పనికొస్తాయి.

## 2. చదవడానికి ముందు సమకూర్చుకోవాల్సినవి

గ్రీకు, లాటిన్ రాకపోయినా ఈ పని చేయొచ్చు. కానీ ఒక్క అనువాదాన్ని నమ్ముకుని మాత్రం చేయలేం.

- నాటకానికి కనీసం రెండు అనువాదాలు. వాటిలో ఒకటి మూలం పంక్తి సంఖ్యలు ఇచ్చేది కావాలి.
- పెర్సియస్ డిజిటల్ లైబ్రరీ. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నడిపే ఉచిత సైట్. గ్రీకు మాట మీద నొక్కితే దాని మూలరూపం, అర్థం వస్తాయి. సోఫోక్లీస్‌కు జెబ్ చేసిన అనువాదం, వ్యాఖ్య కూడా అక్కడే ఉన్నాయి.
- లోజియాన్. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల నిఘంటువుల సైట్. గ్రీకు, లాటిన్ రెండింటికీ పనికొస్తుంది.
- లోబ్ సంపుటాలు. ఒక పేజీలో మూలం, ఎదురు పేజీలో ఇంగ్లిష్. పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. సెనెకాకు 1917 నాటి మిల్లర్ అనువాదం అలా దొరికేదే.
- అరిస్టాటిల్ పొయెటిక్స్. కనీసం రెండు అనువాదాలు.
- నోట్స్ కోసం ఒక స్ప్రెడ్‌షీట్. ఇదెందుకో ఐదో మెట్టులో చెప్తాను.

పంక్తి సంఖ్యల గురించి ఒక మాట. అనువాదాల్లో పంక్తులు అటూ ఇటూ జరుగుతాయి. ఉదహరించేటప్పుడు ఎప్పుడూ మూలం సంఖ్యే ఇవ్వండి. అరిస్టాటిల్‌కైతే పేజీ నంబర్ బదులు 1453ఎ లాంటి బెకర్ సంఖ్య ఇవ్వాలి. అది ఏ ఎడిషన్‌లోనైనా మారదు. పరీక్షకులు మొదట చూసేవాటిలో ఇదొకటి.

## 3. అరిస్టాటిల్‌ను ఏ వరసలో చదవాలి

చాలామంది పొయెటిక్స్ 13వ అధ్యాయంలో ఒక్క వాక్యం చదివి పుస్తకం మూసేస్తారు. ఈ వరసలో చదవండి.

మొదట 13వ అధ్యాయం మొత్తం (1452బి–1453ఎ). పరమ సజ్జనుడు కష్టాల్లో పడితే మనకు రోత పుడుతుంది, దుర్మార్గుడు పడితే జాలి పుట్టదు అని అరిస్టాటిల్ ఒక్కొక్క రకాన్నీ పక్కకు తీసేస్తాడు. చివరికి మిగిలేది మధ్యరకం మనిషి. అతను పడిపోయేది దుష్టత్వం వల్ల కాదు, ఏదో ఒక హమార్తియా వల్ల. ఉదాహరణలు ఈడిపస్, థయెస్టీస్. "దుష్టత్వం వల్ల కాదు" అన్న భాగాన్ని గైడ్లు వదిలేస్తాయి. దాన్ని మీరు గుర్తు పెట్టుకోండి.

తర్వాత అదే పుస్తకంలో ఆ మాట, దాని చుట్టాలు ఇంకెక్కడ వస్తాయో చూడండి. 5వ అధ్యాయంలో కామెడీలో నవ్వించే పొరపాటుకు ఆ కుటుంబంలోని మాటే వాడాడు. 25వ అధ్యాయంలో కవి చేసే పొరపాట్లకు హమార్తియా అనే అన్నాడు. ఆడ జింకకు కొమ్ములుండవని తెలియక చిత్రకారుడు కొమ్ములు గీస్తే అదీ ఈ కోవలోదే. కొమ్ములు తప్పుగా గీసినవాడికి నైతిక పతనం అంటగట్టలేం కదా. ఈ రెండు చోట్లూ చూశాక "దోషం" అనే అనువాదాన్ని వాడటానికి చెయ్యి వెనకాడుతుంది, వెనకాడాలి కూడా.

ఆ తర్వాత నికోమేకియన్ ఎథిక్స్ ఐదో పుస్తకం, 1135బి. ఇక్కడ అరిస్టాటిల్ ఒకరికి హాని చేయడాన్ని మెట్లుగా విడదీస్తాడు. ఎవరూ ఊహించలేని విధంగా జరిగితే దురదృష్టం. ఊహించదగ్గదే అయినా దుర్బుద్ధి లేకుండా జరిగితే పొరపాటు. తెలిసే చేసినా ముందుగా ఆలోచించి కాకుండా, కోపంలాంటి వాటితో చేస్తే అన్యాయమైన పని, అయినా చేసినవాడు దుష్టుడు కాదు. కావాలని ఎంచుకుని చేస్తే దుష్టత్వం. ఈ నాలుగు మెట్లూ కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. నాటకంలోని పనిని తూచడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

చివరగా 14వ అధ్యాయం. ఇక్కడ చిక్కొస్తుంది. తెలియక చంపబోయి చివరి క్షణంలో గుర్తుపట్టి ఆగిపోయే కథే అన్నింటికన్నా మేలు అంటాడు అరిస్టాటిల్. 13వ అధ్యాయంలో మెచ్చుకున్న ఈడిపస్ అలా ఆగలేదు. రెండు అధ్యాయాలకూ పొత్తు కుదరదు. దీన్ని దాచి రాయకండి. పేపర్‌కు ప్రాణం పోసేది ఇలాంటి చోటే.

## 4. రెండు కాలక్రమాలు గీయండి

ఒక కాగితం మీద సంఘటనలు నిజంగా జరిగిన వరస రాయండి. ఇంకో కాగితం మీద అవి రంగస్థలం మీద బయటపడే వరస రాయండి.

ఈడిపస్ విషయంలో ఇది చేయకపోతే పేపర్ మొత్తం కూలిపోతుంది. అతను జోస్యుడు టైరీసియస్ మీద మండిపడటం, బావమరిది క్రియాన్‌ను కుట్రదారు అనడం మనం కళ్లారా చూస్తాం. కానీ తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం నాటకం మొదలవడానికి ఎన్నో ఏళ్ల ముందే అయిపోయాయి. టైరీసియస్ మీద కోపం ఆ రెంటిలో దేనికీ కారణం కాలేదు. "అతని కోపమే అతన్ని పతనం చేసింది" అని రాసేవాళ్లు ఏ రోజు కోపం గురించి మాట్లాడుతున్నారో చెప్పగలగాలి.

యాంటిగొనీలో ఇదే పని చేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆజ్ఞ మీరి సోదరుడు పాలినైసీస్ శవాన్ని పూడ్చినందుకు యాంటిగొనీని క్రియాన్ గుహలో పెట్టించాడు. 1100–1101 పంక్తుల్లో కోరస్ క్రియాన్‌తో, ముందు వెళ్లి గుహలోంచి అమ్మాయిని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అంటుంది. 1196వ పంక్తి దగ్గర్నుంచి దూత చెప్పేది వినండి. క్రియాన్ ముందు శవం దగ్గరకే వెళ్లాడు. కడిగి, దహనం చేసి, మట్టిదిబ్బ పోసి, అప్పుడు గుహకు బయల్దేరాడు. అప్పటికే యాంటిగొనీ ఉరి వేసుకుంది. మొండితనం వదిలేశాక కూడా అతను వరస తప్పాడు. "క్రియాన్ లోపం మొండితనం" అనే ఒక్క మాటలో ఇది ఇమడదు.

## 5. పదాల పట్టిక తయారుచేయండి

ఇది ఓపిక పట్టాల్సిన మెట్టు. స్ప్రెడ్‌షీట్‌లో ఐదు నిలువు గడులు పెట్టండి: పంక్తి సంఖ్య, మాట్లాడేది ఎవరు, ఎవరితో, వాడిన మాట, అప్పటికి ఆ పాత్రకు తెలిసిన విషయం.

పెర్సియస్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. "హమార్త్" అన్న అక్షరాలతోనే వెతికితే భూతకాల రూపాలు జారిపోతాయి, ఎందుకంటే అక్కడ మొదటి అచ్చు "హే" అవుతుంది. "ఎక్స్" ఉపసర్గతో వచ్చే రూపాలూ జారిపోతాయి. మూలరూపంతో వెతకండి, ఉపసర్గ రూపాన్ని విడిగా మళ్లీ వెతకండి.

యాంటిగొనీలో దొరికేవి కొన్ని చూడండి.

- 558: యాంటిగొనీ చెల్లెలు ఇస్మీనీ. తప్పు మన ఇద్దరిదీ సమానమే అని యాంటిగొనీతో అంటుంది.
- 743–744: నువ్వు న్యాయం తప్పుతున్నావని కొడుకు హీమన్ అంటే, నా అధికారాన్ని నేను గౌరవించుకోవడం తప్పా అని క్రియాన్ ఎదురు ప్రశ్న వేస్తాడు.
- 925–928: యాంటిగొనీ. దేవుళ్లకు ఇదే సమ్మతమైతే, బాధ పడ్డాక నా తప్పు ఒప్పుకుంటాను. తప్పు వీళ్లదైతే, నాకు చేసినదానికంటే ఎక్కువ వీళ్లు అనుభవించకుందురు గాక.
- 1023–1028: టైరీసియస్. పొరపాటు మనుషులందరికీ మామూలే, చేశాక దిద్దుకునేవాడు తెలివితక్కువవాడు కాదు.
- 1259–1261: తప్పు చేసింది ఇంకెవరో కాదు, తనే అని కోరస్. తన బుద్ధిలేని బుద్ధి చేసిన తప్పులని క్రియాన్ నోటి నుంచే.

ఈ ఐదూ వరసగా చదివితే నాటకం అంతా ఒక వాదంలా కనిపిస్తుంది. తప్పు ఎవరిది అన్నది ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ చివరికి క్రియాన్ దగ్గర ఆగుతుంది. మీ పట్టికలో ఇలాంటి కదలిక కనిపించేదాకా రాయడం మొదలుపెట్టకండి.

మాట కనిపించని చోట తప్పు లేదని కాదు. మాట కనిపించిన ప్రతిచోటా అరిస్టాటిల్ అర్థమే ఉంటుందనీ కాదు. యూరిపిడీస్ మెడియాలో, 800వ పంక్తి దగ్గర, మెడియా తన తప్పు ఏదో తనే చెప్తుంది: ఒక గ్రీకువాడి మాటలు నమ్మి పుట్టిల్లు వదిలి రావడం. పిల్లల్ని చంపబోయే మనిషి అప్పటికి తప్పు అనుకుంటున్నది దాన్ని! 1078–1080 దగ్గర మాత్రం తను చేయబోయేది ఎంత ఘోరమో తనకు తెలుసంటుంది. ఆ భాగం అసలు యూరిపిడీస్ రాసిందేనా అని కొందరు పండితులు అనుమానించారు కాబట్టి, దాని మీద వాదం నిలబెట్టేముందు ఆ చర్చ చదవండి.

## 6. ఒక సన్నివేశాన్ని దగ్గరగా చదవండి: మూడు దారుల కూడలి

ఈడిపస్ రెక్స్ 774 నుంచి 813 దాకా తీసుకోండి. ఈడిపస్ భార్య జొకాస్టాకు తన కథ చెప్పే చోటు. ఒక్కో విషయానికీ "అప్పటికి అతనికి ఏం తెలుసు?" అని పక్కన రాయండి.

కోరింత్‌లో విందులో ఒక తాగుబోతు, నువ్వు మీ నాన్న కొడుకువి కావు అంటాడు. తల్లిదండ్రులు ఆ తాగుబోతు మీద కోప్పడతారు. అయినా ఈడిపస్‌కు అనుమానం తీరదు, డెల్ఫీ వెళ్తాడు. అపోలో అతను అడిగినదానికి జవాబు చెప్పడు. తండ్రిని చంపుతావు, తల్లితో కలుస్తావు అని మాత్రం చెప్తాడు. ఈడిపస్ కోరింత్ వైపు వెళ్లకుండా పారిపోతాడు.

కూడలిలో ఒక బండి ఎదురవుతుంది. బండివాడు, లోపలున్న పెద్దాయన అతన్ని బలవంతంగా దారిలోంచి నెట్టబోతారు. ఈడిపస్ కోపంతో బండివాణ్ణి కొడతాడు. అతను పక్కనుంచి పోతుండగా పెద్దాయన కాచుకుని ములుకోలతో నడినెత్తిన కొడతాడు. ఈడిపస్ చేతికర్రతో తిరిగి ఒక్క దెబ్బ వేస్తే పెద్దాయన బండిలోంచి వెల్లకిలా దొర్లి పడతాడు. "అందరినీ చంపేశాను" అంటాడు 813లో.

ఇప్పుడు మూడో మెట్టులోని నాలుగు మెట్ల కాగితం పక్కన పెట్టండి. కోపం ఉంది, 807లో అతనే ఒప్పుకుంటాడు. చంపుతున్నది తండ్రిని అని తెలియదు. కానీ తండ్రి ఎవరన్న అనుమానం తీరలేదు, తండ్రిని చంపుతావన్న జోస్యం చెవిలో ఉంది, ఎదురుగా తండ్రి ఈడు మనిషి ఉన్నాడు. మొదట బలప్రయోగానికి దిగింది అవతలివాళ్లు. వీటిలో ఏదో ఒకటే నిజమని తేల్చకండి. ఏ వాదానికి ఏ పంక్తి బలం ఇస్తుందో విడివిడిగా రాసుకోండి.

తర్వాత సోఫోక్లీస్ చివరి నాటకం, కొలోనస్‌లో ఈడిపస్ తెరవండి. ముసలి ఈడిపస్ తన కేసు తనే వాదించుకుంటాడు. 966–968లో, ఇలా జరగడానికి కారణమయ్యే హమార్తియా ఏదీ నా దగ్గర నీకు దొరకదు అని క్రియాన్‌తో అంటాడు, సరిగ్గా ఆ మాటే వాడి. 991 దగ్గర్నుంచి ఇంకా సూటిగా అడుగుతాడు: ఇప్పుడే ఇక్కడే ఎవడైనా నిన్ను చంపడానికి వస్తే, నువ్వు మా నాన్నవా అని అడుగుతావా, వెంటనే తిరగబడతావా?

దీన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు. ఇది వేరే నాటకం, ఎన్నో ఏళ్ల తర్వాతది, అక్కడ మాట్లాడేది నిందితుడే. కానీ ఈ వాదన చదవకుండా ఈడిపస్ హమార్తియా మీద పేపర్ రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

## 7. సెనెకా దగ్గరకు వచ్చేసరికి పనిముట్లు మార్చండి

క్రీ.శ. 65లో చనిపోయిన సెనెకా స్టోయిక్ తత్వవేత్త. అతని పేరు మీద పది నాటకాలు ఉన్నాయి. వాటిలో ఆక్టేవియా అతనిది కాదు, హెర్క్యులీస్ ఈటియస్ మీద అనుమానం ఉంది. ఈ రెండూ వాడేటట్లయితే ఆ సంగతి చెప్పి వాడండి.

ఇక్కడ పట్టికలోకి రావాల్సిన మాటలు వేరు: ఎర్రర్ (పొరపాటు), కుల్పా (తప్పు), స్కెలుస్ (నేరం), నెఫాస్ (చేయకూడని ఘోరం), ఫ్యూరోర్ (ఉన్మాదం), ఇరా (కోపం). సెనెకా కోపం మీద రాసిన గ్రంథం రెండో భాగంలో మొదటి నాలుగు అధ్యాయాలు తప్పక చదవండి. కోపం దానంతటది పొంగేది కాదు, మనసు ఒప్పుకుంటేనే కోపం అవుతుంది అన్నది అక్కడి వాదం. ఫీడ్రా 177–179లో, నువ్వు చెప్పేది నిజమని నాకు తెలుసు, కానీ ఉన్మాదం చెడ్డదాని వెంటే నడిపిస్తోంది అని సవతి కొడుకు మీద మోజుపడిన ఫీడ్రా తన దాదితో అంటుంది. తెలియకపోవడం కాదు సమస్య, తెలిసీ ఒప్పుకోవడం. అలాగని నాటకాన్ని తత్వానికి ఉదాహరణగా కుదించేయకండి.

పొరపాటుకూ నేరానికీ మధ్య గీత ఎక్కడ అన్నది ఈ నాటకాల్లోనే సూటిగా చర్చకు వస్తుంది. హెర్క్యులీస్ ఫ్యూరెన్స్‌లో ఉన్మాదంలో భార్యాబిడ్డల్ని చంపిన హెర్క్యులీస్‌తో, పొరపాటుకు నేరం అని పేరు పెట్టేవాళ్లెవరు అంటాడు అతన్ని పెంచిన తండ్రి ఆంఫిట్రియాన్. పెద్ద పొరపాటు చాలాసార్లు నేరం స్థానంలో కూర్చుంటుంది అంటాడు హెర్క్యులీస్ (1237–1238). ఒక ప్రశ్న, ఒక జవాబు. ఒక అధ్యాయం రాయడానికి సరిపోతాయి.

థయెస్టీస్ మంచి అభ్యాసం. అతని తప్పు అనదగ్గవి మూడున్నాయి: ఎప్పుడో అన్న భార్యను లోబరచుకోవడం, మనసు వద్దంటున్నా ప్రవాసం నుంచి తిరిగి రావడం, అన్న ఏట్రియస్ వడ్డించిన కన్నబిడ్డల మాంసం తెలియక తినడం. మూడింటికీ ఐదు గడులూ నింపండి. 1005–1006లో, కొడుకుల్ని గుర్తుపట్టావా అని ఏట్రియస్ అడిగితే, "అన్నను గుర్తుపట్టాను" అంటాడు థయెస్టీస్. గుర్తింపు గురించి అరిస్టాటిల్ చెప్పింది గుర్తుకొస్తుంది కానీ, సెనెకా అరిస్టాటిల్ సూత్రం ప్రకారం రాశాడని అనడానికి ఆధారం లేదు.

## 8. విమర్శకుల్ని ఇప్పుడు తెరవండి, ముందు కాదు

మీ పట్టిక పూర్తయ్యాక మూడు పేర్లతో మొదలుపెట్టండి. డాడ్స్ 1966లో ఈడిపస్ గురించి రాసిన వ్యాసం. పరీక్ష పేపర్లలో విద్యార్థులు రాసిన జవాబులతోనే మొదలవుతుంది, మన గైడ్లలో ఉన్నవీ దాదాపు అవే. బ్రెమర్ 1969 గ్రంథం హమార్తియాను స్వభావదోషంగా కాక పొరపాటుగా చూడాలంటుంది. స్టింటన్ 1975 వ్యాసం ఆ మాట పరిధి ఇంకా పెద్దదని, తెలియక చేసిన పొరపాటు నుంచి నైతికంగా తప్పుపట్టదగ్గ పని దాకా వ్యాపిస్తుందని వాదిస్తుంది.

మీ ఉదాహరణ బ్రెమర్ వైపు మొగ్గుతుందా, స్టింటన్ వైపా? ఈడిపస్, క్రియాన్‌లను పక్కపక్కన పెడితే ఇద్దరికీ ఒకే జవాబు రాదని మీకే తెలుస్తుంది. వ్యాసాలు చేతికి రాకపోతే కాలేజీ లైబ్రేరియన్‌ను అడగండి. విషయం ఖరారు చేసేముందు శోధగంగలో (మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలు ఉంచే సైట్) వెతికితే మన విశ్వవిద్యాలయాల్లో ఎవరు ఏం రాశారో తెలుస్తుంది.

## 9. తరచూ చేసే పొరపాట్లు, వాటికి సవరణలు

హ్యూబ్రిస్‌నూ (గైడ్లు అహంకారం అని అర్థం చెప్పే గ్రీకు మాట) హమార్తియానూ ఒకటే అనుకోవడం. 13వ అధ్యాయంలో హ్యూబ్రిస్ అన్న మాటే లేదు. ఏథెన్స్‌లో అది కోర్టుకెక్కే నేరం. ఎదుటివాణ్ణి అవమానించి ఆనందించడం అని రెటరిక్ 1378బిలో అరిస్టాటిలే చెప్పాడు. సవరణ: హ్యూబ్రిస్ అని రాసిన ప్రతిచోటా, ఎవరు ఎవర్ని అవమానించారో చెప్పగలరా చూడండి. చెప్పలేకపోతే ఆ మాట కొట్టేయండి.

అరిస్టాటిల్ చెప్పిన థయెస్టీస్‌కు సెనెకా నాటకాన్ని సాక్ష్యంగా పెట్టడం. సెనెకా మూడు శతాబ్దాలకు పైగా తర్వాతవాడు. అరిస్టాటిల్‌కు తెలిసిన గ్రీకు థయెస్టీస్ నాటకాలు మనకు మిగల్లేదు.

ఒక్క అనువాదం మీద వాదం కట్టడం. 1453ఎ దగ్గర బుచర్ "పొరపాటు లేదా బలహీనత" అనే అర్థం ఇచ్చాడు, బైవాటర్ "అంచనాలో పొరపాటు" అన్నాడు. ఏది చదివారన్నదాన్ని బట్టి పేపర్ దిశే మారిపోతుంది. రెండూ చూపించండి.

దేవుళ్లా, మనిషా అని ఒకదాన్నే ఎంచుకోవడం. ఈడిపస్ రెక్స్ 1329–1332లో, చేయించింది అపోలో, నా కళ్లు పొడిచిన చెయ్యి నాదే అంటాడు ఈడిపస్. రెండూ ఒకే ఊపిరిలో. మీరు విడదీయకండి.

కర్ణుణ్ణి తెచ్చి పోల్చడం. మనవాళ్లకు ఇది సహజంగా తోస్తుంది. చేయొచ్చు, కానీ మహాభారతంలోని భాగాన్ని కూడా పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్యలతో, అదే ఐదు గడుల పట్టికలో పెట్టాలి. కర్ణుడికి జ్ఞాపకం, ఈడిపస్‌కు పంక్తి సంఖ్యలు అయితే అది పోలిక కాదు.

## 10. రాయడం

మొదటి పేరాలోనే పని, పంక్తి, ప్రశ్న రావాలి. ఇలా వద్దు: "ఈడిపస్ అహంకారం అతని పతనానికి దారితీసింది." ఇలా రాయండి: "కూడలిలో జరిగిన హత్యను ఈడిపస్ రెక్స్ కోపంగానూ అజ్ఞానంగానూ ఒకేసారి చూపిస్తుంది, కొలోనస్‌లో ఈడిపస్ ఆ కోపాన్ని ఆత్మరక్షణగా మార్చి చెప్తుంది." రెండోదాన్ని ఎవరైనా పంక్తులు చూపించి కాదనొచ్చు. అలా కాదనడానికి వీలున్న వాక్యమే మీకు కావాలి.

తర్వాతి వరస: పని, దాన్ని చేసినప్పటి ఎరుక, తప్పు అన్నవాళ్లు, అరిస్టాటిల్ మెట్లలో దాని చోటు, విమర్శకులతో మీ ఒప్పందం లేదా విభేదం. అరిస్టాటిల్‌ను నాలుగో స్థానంలో ఎందుకు పెట్టానంటే, మొదట పెడితే నాటకం అతనికి ఉదాహరణగా మారిపోతుంది.

ఇచ్చేముందు చూసుకోవాల్సినవి:

- ప్రతి ఉదాహరణకూ మూలం పంక్తి సంఖ్య ఉందా?
- "లోపం", "దోషం", "పొరపాటు", "నేరం" అన్న మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేశారా?
- జరిగిన వరసనూ బయటపడిన వరసనూ కలిపేశారా?
- మీ వాదానికి ఎదురు తిరిగే పంక్తి కనీసం ఒకటైనా చూపించి, దానికి జవాబు చెప్పారా?
- పాత్ర పేరు తీసేసి ఇంకో పాత్ర పేరు పెట్టినా మీ ముగింపు అలాగే నిలబడుతోందా? నిలబడితే ఐదో మెట్టుకు వెనక్కి వెళ్లండి.